వాచీలో నాలుగో మనిషి

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే భాస్కరానికి చేతి వాచీలు పోగుచేసే సరదా. ఎనభై నాలుగులో మనవాడు రష్యావాళ్లతో అంతరిక్షానికి వెళ్లొచ్చిన గుర్తుగా చేసిన వాచీ ఒకటి విశాఖలో దొరికితే, కొని ఇంటికి తెచ్చాడు. డయల్ మీద రాకెట్టు, దాని పక్కన హెల్మెట్లు పెట్టుకున్న ముగ్గురు మనుషుల బొమ్మలు.

చీకటి పడగానే కరెంటు పోయింది. వసారాలో లాంతరు పెట్టుకుని భార్య అమ్మణ్ణికి వాచీ చూపించాడు.

"నలుగురున్నారు కదండీ?" అందామె.

"వెళ్లింది ముగ్గురేనే."

మళ్లీ చూశాడు. నలుగురే ఉన్నారు. నాలుగోవాడికి హెల్మెట్ లేదు. కళ్లజోడు ఉంది, భుజాన తువ్వాలు ఉంది. భాస్కరం తన భుజం తడుముకున్నాడు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని డయల్ వంక చూశాడు. బొమ్మ భుజాన ఇప్పుడు ఏమీ లేదు.

"నాకేం బాగాలేదండీ ఇది. ఇలా ఇవ్వండి," అని అమ్మణ్ణి వాచీ లాక్కుని పెట్టెలో పెట్టి మూత వేసింది.

నది వైపు నుంచి వస్తున్న నీళ్ల హోరు భాస్కరం చెవులకు ఒక్కసారిగా ఆగిపోయింది.

ఆమె తలెత్తి అతను కూర్చున్న కుర్చీ వంక చూసింది.

"ఏవండీ, ఎక్కడికెళ్లారు?"

"ఇక్కడే ఉన్నానుగా," అన్నాడు భాస్కరం.

ఆమె లాంతరు ఎత్తింది. వెలుగు అతని ముఖంలోంచి పోయి వెనక గోడ మీద పడింది.