మీట ముట్టని పిల్ల

“ఏటి మాస్టారూ, ఆ ముగ్గురూ కుర్చీల్లో కూకున్నారు, మా గుంట ఒక్కర్తీ ఎనకాల నిలబడ్డాది?” గుమ్మంలోంచే అడిగాడు తవిటయ్య.

బడికి కొత్తగా కంప్యూటర్లు వచ్చాయి, నలుగురు పిల్లలకి ఒకటి చొప్పున. మూడు వారాలైనా కూతురు రత్నం మీట ముట్టలేదని తెలిసి, పని మానుకుని వచ్చాడు.

“రత్నమే నిలబడతానంది,” అని నవ్వాడు వెంకటరావు మాస్టారు.

ఆ నవ్వుతో తవిటయ్యకి అనుమానం ఇంకా పెరిగింది.

“మీరలాగే అంతారు. కంపెనీ క్వార్టర్ల పిల్లలకి కుర్చీలు, భుయ్యాడీహ్ బస్తీ పిల్లకి గోడ. ఈ సదువు మాకొద్దు. ఇప్పుడే తోలుకెళిపోతాను.”

“ఒక్క నిమిషం చూసి తీసుకెళ్ళండి.”

ఏం దాస్తున్నారోనని తవిటయ్య కళ్ళు చిట్లించి చూశాడు. తెర మీద గీతలతో ఇంటి బొమ్మ సగం లేచింది.

“దాయే... ఔర్ థోడా,” కుడికి, ఇంకొంచెం అని హిందీలో చెబుతూ రత్నం వేళ్ళు ఊపుతోంది. ఆమె చెప్పినంతే ముగ్గురిలో ఒక కుర్రాడు మీటలు నొక్కుతున్నాడు.

“బస్!” పిడికిలి బిగించి పైకెత్తింది. కుర్రాడి చెయ్యి టక్కున ఆగిపోయింది.

తవిటయ్య ఆ పిడికిలినే చూస్తూ ఉండిపోయాడు. అది తను ఇంట్లో ఆటగా చూపించినదే. కార్ఖానాలో సిగ్నల్‌మేన్‌గా కింద నిలబడి, ఆ పిడికిలితోనే ఇరవై ఏళ్ళుగా పెద్ద క్రేన్‌ని ఆపుతున్నాడు. క్రేన్ మీట మాత్రం ఒక్కనాడూ ముట్టలేదు.

“మరి పిలవమంటారా రత్నాన్ని?” అడిగాడు మాస్టారు.

“ఒద్దు బాబూ,” తవిటయ్య గొంతు తగ్గించాడు. “లోడు గాల్లో ఉన్నపుడు సిగ్నల్‌మేన్ని పిలవకూడదు.”