గడియారాల కొట్లో మాండలిన్

"దీన్ని వాయించినాయనది ఎడమచేతి వాటమా అండీ?"

గడియారం మూత విప్పుతున్న ఆమె, కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి తలెత్తింది. కొట్టు గోడకి తగిలించిన ఆ మాండలిన్ ధర వారం రోజులుగా నలుగురైదుగురు అడిగారు గానీ, ఇలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

"కుడిచేతి వాటమే. మా తమ్ముడిది. పోయి రెండేళ్లయింది. మీకు వాయించడం వచ్చా?"

"రాదండీ. నేర్చుకోవాలి."

"అయితే కొత్తది కొనుక్కోండి. దీని తీగలు తుప్పు పట్టాయి. రెండో జత శ్రుతిలో నిలవదు. బిగించిన గంటకల్లా జారిపోతుంది."

"నాకు ఇదే కావాలండీ."

అమ్మే మనిషి వద్దంటుంటే కొనే మనిషి పట్టుబట్టడం ఆమెకి విచిత్రంగా తోచింది. కొట్టు వెనకభాగంలో, గోడవైపు తిరిగి కూర్చుని పనిచేసుకుంటున్న తండ్రి, "ఇచ్చెయ్యమ్మా" అన్నాడు. కొడుకు ఊసెత్తితే ఆయన లేచి వెళ్లిపోతాడు. ఆ వాయిద్యం కళ్లముందు ఉండకూడదన్నదీ ఆయనే.

తరువాతి ఆదివారం అతను మళ్లీ వచ్చాడు.

"మీరన్నట్టే అయిందక్కా. రెండో జత నిలవడం లేదు."

ఆమె నవ్వింది. గడియారాలకి వాడే సన్నటి స్క్రూడ్రైవరు తీసి, తీగలు బిగించే మర వెనక ఉన్న పళ్లచక్రాన్ని సరిచేసింది. ఒక చుక్క నూనె వేసింది. ఎనిమిది తీగలూ కొత్తవి వేయించుకున్నాడు గానీ, మీటే బిళ్ల పట్టుకోవడమే అతనికి చేతకావడం లేదు. రెండుసార్లు మీటేసరికి అది జారి బల్ల కింద పడింది.

"అంత గట్టిగా నొక్కిపట్టకండి. మావాడు పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకునేవాడు."

"ఇంకా చెయ్యి తిరగలేదక్కా."

"వాడికి రెండు నెలల్లో తిరిగింది."

అతను తన వేళ్లకేసి ఒకసారి చూసుకుని, వంగి బిళ్ల తీసుకున్నాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ వచ్చేవాడు. వాయిద్యం గురించి ఒకటి అడిగితే తమ్ముడి గురించి మూడు అడిగేవాడు. రాత ఎలా ఉండేది? చలికి వేళ్లు బిగుసుకుపోయేవా? చిన్నప్పుడు గోళ్లు కొరికేవాడా? ఇవన్నీ ఇతనికెందుకని మొదట్లో అనుకుంది. కానీ రెండేళ్లుగా ఆ ఇంట్లో తమ్ముడి పేరెత్తే దిక్కులేదు. అడిగేవాడు దొరికేసరికి ఆమెకి మాటలు ఆగలేదు. చెట్టెక్కి మణికట్టు విరగ్గొట్టుకున్నది చెప్పింది. తన జడ తనకంటే వాడే బాగా అల్లేవాడని చెప్పింది. ఆదివారం వచ్చిందంటే రెండు కప్పుల టీ తెప్పించి, వీధివైపు చూస్తూ కూర్చునేది.

కొట్టు మూసే ముందు తమ్ముడు రోజూ ఒక వరుస వాయించేవాడు. సొంతంగా కట్టుకున్నది. ఆమె దాన్ని కూనిరాగం తీసి వినిపించింది. మూడు నెలలు తంటాలు పడి, ఒక ఆదివారం అతను ఆ వరుసని తడబడుతూనే చివరిదాకా వాయించాడు.

వెనక తండ్రి చేతిలోని పట్టకారు ఠక్కున కింద పడింది. ఆయన అతని చేతులకేసి ఒక్క క్షణం చూసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

"ఏమీ అనుకోకండి. ఆ పాట వింటే ఆయన తట్టుకోలేడు" అందామె కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోసారి వాయించండి. బిళ్ల ఏది?"

"మళ్లీ పడేసుకున్నట్టున్నాను. సంచి జేబులో ఇంకొకటి ఉండాలక్కా."

ఆమె మాండలిన్ సంచి జేబులో చెయ్యి పెట్టింది. బిళ్లతో పాటు మడతపెట్టిన పేపరు ముక్క బయటికి వచ్చింది. విప్పింది. లారీ గుద్ది బండి మీది యువకుడికి తీవ్రగాయాలు. లారీ ఆగకుండా వెళ్లిపోయింది. కింద తమ్ముడి ఫొటో. తేదీ చుట్టూ ఎర్రసిరాతో గీసిన గీత.

ఆమె ఆ తేదీ మళ్లీ చదివింది. ఆ వారం తను పనిమీద వేరే ఊళ్లో ఉంది. వచ్చేసరికి తమ్ముడిని మెడదాకా తెల్లగుడ్డలో చుట్టేసి ఉంచారు. ఒక్కసారి చెయ్యి పట్టుకుంటానంటే తండ్రి ఆ గుడ్డ విప్పనివ్వలేదు. ఆ లారీ ఎవరిదో ఈనాటికీ తేలలేదు.

"ఇది నీ దగ్గరెందుకుంది?"

అతను ఆ పేపరు ముక్క కోసం చెయ్యి చాచాడు. ఆమె వెనక్కి లాక్కుంది.

"ఆ లారీ తోలింది నువ్వేనా?"

"కాదక్కా."

"మరి ఎవరు నువ్వు? మూడు నెలలుగా వాడి ముచ్చట్లన్నీ నా చేత చెప్పించుకున్నావు. చేసింది మనసులో గుచ్చుకుంటోందా?"

"నేను అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కోతమిషను మీద పనిచేసేవాణ్ణి. మీ తమ్ముడు పోయిన రోజు నన్ను అదే ఆసుపత్రికి పిలిపించారు. పేర్లు ఎవరూ చెప్పలేదు. ఆ తేదీ పేపర్లు వెతుక్కుని, ఏడాది తిరిగి ఈ కొట్టు పట్టుకున్నాను." అతను కొట్టు వెనక ఖాళీగా ఉన్న కుర్చీకేసి చూశాడు. "మీ నాన్నగారు ఆ రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టారు. మీకు చెప్పినట్టు లేదు."

"ఏం కాగితం?"

అతను మాండలిన్ పక్కన పెట్టాడు. పొడుగుచేతుల చొక్కా గుండీలు రెండువైపులా విప్పి మోచేతులదాకా మడిచాడు. రెండు మణికట్లకి కాస్త పైన, చుట్టూతా కుట్ల గుర్తులు. అక్కడినుంచి కిందికి చర్మం రంగే వేరుగా ఉంది.

"ఆ మిషను నా రెండు చేతులూ తీసేసిందక్కా."

ఆమె దగ్గరికి జరిగింది. ఆ పదివేళ్లనీ ఒక్కొక్కటిగా చూసింది.

"మరి ఇవి?"

"మీ తమ్ముడివి."