మూడో కన్వర్టర్

“ఇది కూడా కుదర్లేదండీ,” అంటూ దుర్గాశంకర్ కన్వర్టర్‌ని తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

రహ్మాన్‌కి మనసు చివుక్కుమంది. గవర్నర్‌పేటలో పదిహేనేళ్లుగా ఆడియో షాపు నడుపుతున్నాడు. సీడీ మీది అంకెల్ని శబ్దంగా మార్చే ఈ పెట్టెల గురించి ఊళ్ళో ఎవరికి సందేహమొచ్చినా అతని దగ్గరికే వస్తారు. అలాంటిది, పెడనలో చీరల వ్యాపారం చేసే ఈ మనిషి పది రోజుల్లో రెండోది వెనక్కి తెచ్చాడు.

“ఏం లోపమండీ?”

“నాన్నగారు తేడాగా ఉందన్నారు. మొదటిది రేకు మీద కొట్టినట్టుందన్నారు. ఇదేమో మొద్దుగా ఉందిట.”

“మీకెలా ఉంది?”

“నాకు బానే ఉందండీ. కానీ నా చెవులతో పనేముంది? ఆయన నమ్మాలి.”

“ఓ మంచి పాట పెట్టి వినిపించండి. ఆయనే మెచ్చుకుంటారు.”

“పాటైతే ఎవరైనా సరిపెట్టుకుంటారండీ.”

దుర్గాశంకర్ సంచిలోంచి తన డిస్కు తీశాడు. అందులో పాటా లేదు, సంగీతమూ లేదు. నిరుడు తన ఇంట్లోనే రికార్డు చేసిన మగ్గం చప్పుడు, గంటసేపు.

“యాభై ఏళ్లు నేశాడు మా నాన్న. పోగు తెగితే వీధరుగు మీద కూర్చునే చెప్పేసేవాడు. మొన్న ఇది వింటూ వింటూ మంచం మీంచి లేవబోయాడండీ. తుంటి విరిగిన మనిషి! ఇంకోసారి పడితే బతకడన్నాడు డాక్టరు.”

నచ్చకపోతే మాత్రం అంత కోపమా అనుకున్నాడు రహ్మాన్. పౌరుషం కూడా వచ్చింది.

“ఇంకొకటుంది. అమ్మకానికి కాదు, గుణదలలో మా ఇంట్లోది. రేపు నేనే తెచ్చి బిగిస్తాను. ఇదీ కాదంటే ఇక నా వల్ల కాదండీ.”

“ఇదీ కాకపోతే నా వల్లా కాదు,” అన్నాడు దుర్గాశంకర్.

మర్నాడు మధ్యాహ్నం పెడనలో బస్సు దిగిన రహ్మాన్‌ని దుర్గాశంకర్ సందులోంచి పెరటి గుమ్మానికి తీసుకెళ్ళాడు.

“చెప్పులు ఇక్కడే విడవండి. లోపల మాట్లాడొద్దు.”

“ఎందుకండీ ఇంత దొంగతనంగా?”

“ఆయనకి తెలియకుండానే వినాలండీ. తెలిస్తే లాభం లేదు.”

అదీ నిజమే. షాపులో రహ్మాన్ కూడా పెట్టె పేరు చెప్పకుండానే వినిపిస్తాడు. పేరు తెలిస్తే చెవి మాట వినదు.

నడిమి గది ఖాళీగా ఉంది. మధ్యలో గుంటేదో పూడ్చి కొత్తగా సిమెంటు చేసిన నేల, దాని మీద రెండు స్పీకర్లు. వీధి వరండాలోకి వెళ్ళే తలుపు మూసి ఉంది. దాని అవతలే దుర్గాశంకర్ తండ్రి వెంకటప్పయ్య మంచం.

“స్పీకర్లు చెవి ఎత్తున ఉండాలండీ,” గుసగుసగా అన్నాడు రహ్మాన్.

“వద్దు. అక్కడే ఉండాలి.”

వైర్లు తగిలించి రహ్మాన్ మీట నొక్కాడు. పోగుని అటూ ఇటూ లాక్కెళ్ళే నాడె పరిగెత్తింది. చెక్క చెక్కలాగే మోగింది. ఆ చప్పుడు నేలలోంచి లేచి గోడల్ని తాకుతుంటే రహ్మాన్‌కే ఒళ్ళు జలదరించింది.

దుర్గాశంకర్ తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు. నుదుటి మీంచి చెమట కారుతోంది. తుడుచుకోలేదు.

ఒక నిమిషం. రెండు. అవతల దగ్గు వినపడింది. ఆ తర్వాత మంచం కిర్రుమంది.

దుర్గాశంకర్ చటుక్కున రహ్మాన్ మణికట్టు పట్టుకున్నాడు. ముసలాయన లేస్తున్నాడేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టారు.

కిర్రుమన్న చప్పుడు ఆగింది. వరండాలోంచి వెంకటప్పయ్య గొంతు తృప్తిగా వినిపించింది:

“ఒరే దుర్గా, ఇక మగ్గం గుంటలోంచి లేచి అన్నం తినరా!”