మూడోసారి ఎండిన కానుగలు

మాడిపోయిన కానుగ మొక్క మొదట్లో వేలితో తవ్వి, నిఖిలేష్ ఆ చేతిని ఈశ్వరయ్య ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇదేంది తాతా?"

"పేడ."

"పచ్చి పేడ. అరవై మొక్కలకూ ఏసినవా?"

ఈశ్వరయ్య తల వంచుకున్నాడు.

కిషన్‌బాగ్‌లో మూసీ ఒడ్డును బాగుచేసి చెట్లు పెంచుదామని కాలనీ కమిటీ, ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు కలిసి పని మొదలుపెట్టి ఏడాది దాటింది. లారీల కొద్దీ చెత్త తీశారు, మంచి మట్టి పోశారు, కంచె కట్టారు. మొక్కలే నిలవడం లేదు. ఒడ్డును ఆనుకుని ఇల్లూ బోరూ ఉన్న మనిషని, వారమంతా నీళ్లు పోసే పని ఈశ్వరయ్యకు అప్పజెప్పారు. మొక్కలు ఎండటం ఇది మూడోసారి. మొదటిసారి మూసీ గాలిని తిట్టుకున్నారు, రెండోసారి మట్టిని తిట్టుకున్నారు. ఈసారి మనిషి దొరికాడు.

కమిటీ తరఫున లెక్కచెప్పుకోవాల్సినవాడు నిఖిలేషే. ఇక ఈ ముసలాయన వద్దన్నాడు. నీళ్లకు ట్యాంకర్ మాట్లాడుకుంటే రెండు నెలల్లో మొక్కలు వేళ్లు పట్టుకుంటాయి, ఇక్కడి పని ముగించి ఫలక్‌నుమా వైపు చెరువు కట్టకు పోవచ్చు, మళ్లీ ఇటు రావాల్సిన అవసరమే ఉండదన్నాడు. నలుగురైదుగురు అవునన్నట్టు తలలూపారు.

ఈశ్వరయ్య తన ఇంటి వైపు చూశాడు. ఆదివారం పొద్దున తన అరుగు మీద పదిహేను మంది కూర్చుంటారు. తను కాచిన చాయ్ తాగుతారు. ఒకరు చక్కెర ఎక్కువైందంటారు, ఇంకొకరు మరో గ్లాసు పొయ్యమంటారు. తక్కిన ఆరు రోజులూ ఆ పదిహేను గ్లాసులు గూట్లో బోర్లించే ఉంటాయి. మాట్లాడాలనిపిస్తే కొట్టంలో రెండు బర్రెలున్నాయి. అవి వింటాయి, అంతే.

"నన్ను తీసెయ్యకుండ్రి బిడ్డా" అన్నాడు. "బలం అయితదని ఏసిన."

కాలేజీలో మొక్కల పాఠాలు చెప్పే పూజిత ముందుకొచ్చింది. పిల్లలను వెంటబెట్టుకొచ్చేది ఆమే. ప్రేమతో చేసినదానికి మనిషిని వెళ్లగొడతామా అని నిఖిలేష్‌ను మందలించింది.

"బర్రెలు సాదుకునెటాయనకు చెట్ల సంగతి ఎట్ల ఎర్కయితదన్నా? మనం చెప్పాలె గని."

ఆమె ఈశ్వరయ్య పక్కన గొంతుక్కూర్చుని, ఒకటో తరగతి పిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. పచ్చి పేడ మట్టిలో పడితే ఉడుకుతుందట. ఆ వేడికి లేత వేళ్లు మాడిపోతాయట. ఆరు నెలలైనా మాగితేగానీ అది ఎరువు కాదట. ఈశ్వరయ్య చెవులు రిక్కించి విన్నాడు. మళ్లీ ఒకసారి చెప్పమంటే ఆమె విసుక్కోకుండా మళ్లీ చెప్పింది.

"మరి వచ్చే ఆదివారం?" అన్నాడు, అడగాలా వద్దా అన్నట్టు.

"వస్తం తాతా. ఇంకో అరవై తెచ్చి నాటుతం. ఇంకో ఆరు నెలలు మాకు నీ చాయే దిక్కు."

అందరూ నవ్వారు. నిఖిలేష్ కూడా చేయి కడుక్కుని, చక్కెర మాత్రం తక్కువేయమని చెప్పి అరుగెక్కాడు. ఈశ్వరయ్య గబగబా లోపలికి పోయి పొయ్యి వెలిగించాడు.

పది గంటలకల్లా బండ్ల చప్పుడు సందు చివరిదాకా వినిపించి ఆగిపోయింది. అతను గ్లాసులు ఒక్కొక్కటే కడిగి గూట్లో బోర్లించాడు. అరుగు మీద ఎవరో మరిచిపోయిన టోపీని దులిపి మేకుకు తగిలించాడు. ఆ తర్వాత చేయడానికేమీ లేక మూసీని చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం నర్సరీ కైలాసం ట్రాలీ ఆటోలో వచ్చాడు. కొట్టం వెనక గుంతలో మాగిన ఎరువును ఏటా అతనే తీసుకుపోతాడు. నల్లటి ఎరువును గుప్పెట్లోకి తీసుకుని నలిపి వాసన చూశాడు.

"పచ్చిది గిట్ల కలవలే గద బాపు? గులాబీలకు ఏసేది."

ఈశ్వరయ్య తట్ట ఎత్తి ఆటోలో గుమ్మరించాడు.

"మీ నాయన ఉన్నప్పటిసంది ఇస్తున్న. పచ్చిది ఏస్తే మొక్క సస్తదని నాకెర్క లేదా?"