ఐదు రేకుల కింద

"రేపు నువ్వు ఆ కిటికీ కింద నిలబడ్డావంటే నేను నీ పెళ్లాన్నే కాను" అంది పెరిన్.

కొలార్ మేస్త్రి బఠాణీల జావలో రొట్టె ముంచుకుంటూ తలెత్తలేదు. "రాళ్లు పెట్టినవాణ్ణి నేను. నేను నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారే? చర్చి గురువుగారా?"

ఆ ఊళ్లో అది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. చర్చికి కొత్త కిటికీ పెట్టాక, రాళ్లకు ఊతగా ఉన్న చెక్క చట్రాన్ని దించేటప్పుడు మేస్త్రి సరిగ్గా వాటి కింద నిలబడాలి. నిలబడనివాడికి తన పని మీద తనకే నమ్మకం లేనట్టు. ఆ తర్వాత పికార్డీ సీమ మొత్తంలో వాడి చేత ఎవరూ పందుల దొడ్డి గోడ కూడా కట్టించరు.

"రెనియర్ కూడా ఇదే మాట అన్నాడు."

కొలార్ చేతిలో రొట్టె ఆగిపోయింది.

రెనియర్ ఆమె మొదటి మొగుడు. ఇదే గోడ, ఇదే కిటికీ. కిటికీ తలన నాలుగు రేకుల రాతి పువ్వయితే ఏ మేస్త్రయినా ఈల వేసుకుంటూ పెట్టేస్తాడు. కానీ ఖర్చు పెట్టుకున్న దొర డాలు మీద వంశచిహ్నంగా ఉన్నది ఐదు రేకుల పువ్వు. ఆయనకు అదే కావాలి, అదీ బండి చక్రానికి రెండింతలు ఉండాలి. రెనియర్ పెట్టాడు. చట్రం దిగగానే ఒక రేకు జారింది. మిగతా నాలుగూ దాని వెంటే వచ్చాయి, నేరుగా అతని మీదికి.

"నేను రాళ్ల సందుల్లో కరిగించిన సీసం పోశాను. ఆయన పోయలేదు" అన్నాడు కొలార్.

"దొరకేం పోయింది? డాలు మీద పువ్వు చెరిగితే మళ్లీ రంగేయించుకుంటాడు. నాకు మొగుళ్లకు రంగెయ్యడం రాదు."

"అయితే ఏం చెయ్యమంటావ్? పారిపోయి పందులు కాసుకోమంటావా?"

"పందులు మీద పడి ఎవరూ చావలేదు."

కొలార్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి పక్కన పెరిన్ లేదు. కాసేపటికి బయటినుంచి వచ్చింది. తలగుడ్డ నిండా తెల్లటి పొడి. రొట్టెల పిండి కాబోలనుకున్నాడు. కుడి అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉంది.

"చేతికేమైంది?"

"పొయ్యి దగ్గర కాలింది." ఉతికిన చొక్కా ఒకటి అతని మీదికి విసిరింది. "తొడుక్కో. ఆలస్యమవుతోంది."

రాత్రి అంత గొడవ చేసిన మనిషి ఇప్పుడు కిటికీ ఊసే ఎత్తడం లేదు. కొలార్‌కు ఆ గొడవ కంటే ఇదే ఎక్కువ భయం వేసింది.

"ఇదేం చొక్కా? పాడె మీదికా?"

"మన పెళ్లినాటిది. నోరు మూసుకుని తొడుక్కో."

చర్చిలో జనమంతా గోడలకు అతుక్కుని నిలబడ్డారు. ఛాతీ మీద ఐదు రేకుల పువ్వు కుట్టిన కోటు వేసుకుని దొరగారి పెత్తందారు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయాడు.

"పువ్వు దొరది, తలకాయ మేస్త్రిది" అన్నారెవరో.

కొలార్ వెళ్లి చట్రాన్ని మోస్తున్న దుంగల మధ్య నిలబడ్డాడు. ఒక్కో దుంగ కింద చెక్క చీలలు బిగించి ఉన్నాయి; అవి ఊడగొడితేనే చట్రం కిందికి దిగుతుంది. వడ్రంగి గిలో పొడుగు పిడి ఉన్న కొయ్యసుత్తి పట్టుకుని పక్కకు వచ్చాడు. అప్పుడు జనంలోంచి పెరిన్ నడిచొచ్చి మొగుడి పక్కన నిలబడింది.

"అక్కా, నువ్వు అవతలికి జరుగు" అన్నాడు గిలో.

"నీ పని నువ్వు చూసుకో తమ్ముడూ."

"పెరిన్, నీకు దణ్ణం పెడతాను, వెళ్లిపో." కొలార్ ఆమెను పక్కకు నెట్టబోయాడు. ఆమె ఎడమ చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

గిలో సుత్తి ఎత్తి కొట్టాడు. ఒక్క దెబ్బకే మొదటి చీల ఎగిరిపడింది.

"ఇంత వదులుగా బిగించానా నేను?" అని గొణుక్కున్నాడు.

మిగతావీ అంతే. ఆఖరి చీల ఊడగానే చట్రం కిర్రుమని బెత్తెడు కిందికి దిగింది. పైనుంచి సున్నం పొడి రాలింది. ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. కొలార్ కూడా మూసుకున్నాడు. పెరిన్ ఒక్కతే తలెత్తి చూస్తూ నిలబడింది.

ఏమీ పడలేదు.

ఐదు రేకుల్లోంచి ఎండ వచ్చి నేల మీద పడింది. జనం ఒక్కసారిగా హోరెత్తారు. పెత్తందారు అప్పుడు లోపలికొచ్చి, "మా దొరగారి పువ్వంటే మాటలా" అన్నాడు.

కొలార్ ఏడుస్తున్నాడు. "నువ్వెందుకు వచ్చి నిలబడ్డావే? పడి ఉంటే?"

పెరిన్ అతని భుజం మీది సున్నం దులిపింది. "పద, జావ చల్లారిపోతోంది."

తెల్లవారక ముందే ఖాళీ చర్చిలో ఆ చీలలన్నీ తనే ఊడగొట్టి, పువ్వు కింద ఒంటరిగా నిలబడి ఒక ప్రార్థన ఆసాంతం చెప్పుకుని, మళ్లీ బిగించి వచ్చిన సంగతి ఆమె అతనికి చచ్చేదాకా చెప్పలేదు.