గోరింట కట్టిన గూడు

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్లు కాపురం ఉండేవి. మగపిట్టలు చెమటోడ్చి గూళ్లు అల్లాలి, ఆడపిట్టలు తాపీగా వచ్చి వంకలు పెట్టాలి. అదీ అక్కడి ఆచారం.

ఆ ఏడు గోరింట అనే పిల్లపిట్ట ఈడుకొచ్చింది. వంకలు పెట్టమని కొమ్మ మీద కూర్చోబెడితే, చక్కా వెళ్లి తనే ఒక గడ్డిపోచ పట్టుకొచ్చింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది మేనత్త. "ఆడపిట్ట గూడు అల్లితే చెట్టు పరువేం కానే? వానకి అది ఊడిపడితే ఈ ఏడు నీకు గూడుండదు, గుడ్లుండవు. నేను మాత్రం చోటివ్వను."

"పడకుండా అల్లుతాలే అత్తా. ఇన్నాళ్లూ మీరు పెట్టిన వంకలన్నీ వింటూనే పెరిగాగా! ఎలా అల్లకూడదో మొత్తం వచ్చేసింది."

మొదటి గూడు సగంలోనే నీళ్లలో పడింది. చెట్టంతా ఇకఇకలాడింది. గోరింటా నవ్వేసి మళ్లీ మొదలుపెట్టింది. తొలకరి గాలికి పక్క గూళ్లు రెండు మూడు రాలాయి గానీ, దానిది కాసేపు ఉయ్యాలలా ఊగి కుదురుకుంది.

"ఏదో, గాలి అటు గట్టిగా కొట్టలేదులే," అంది మేనత్త.

వాన వెలిశాక ఒక కుర్ర మగపిట్ట బిక్కమొహంతో వచ్చి వాలాడు. "గూడు నువ్వే కట్టేసుకుంటే మరి నేనేం చెయ్యాలి?"

"లోపలికెళ్లి చూసి వంకలు పెట్టు."

వాడు కష్టపడి దూరి, చాలాసేపు వెతికి, "ద్వారం కాస్త ఇరుగ్గా ఉంది," అన్నాడు.

"అది గూటి తప్పు కాదు, నీ పొట్ట తప్పు," అంది గోరింట.