ఎర్రదీపం ఆరితే పాట

ఫిక్రీ దమన్హూరీకి చెవుడు వచ్చిందని కైరో సినిమా లోకమంతా కోడై కూస్తోంది.

పుకారు పుట్టించింది తోటి నటుడే. ఫిక్రీకి వేషం ఇవ్వడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని కాఫీహోటల్లో హుక్కా పీలుస్తూ అన్నాడట. సాయంత్రానికల్లా ఆ మాట స్టూడియోలన్నీ తిరిగొచ్చింది.

మరో రోజయితే ఫిక్రీ ఒక బూతు తిట్టి ఊరుకునేవాడు. ఇప్పుడు మధ్యలో రంజాన్ నెలంతా టీవీలో రోజూ వచ్చే సీరియల్ ఉంది. అందులో ఊద్ అనే తంత్రీవాద్యం వాయించే ముసలి విద్వాంసుడి వేషం. కొన్నేళ్లుగా టూత్‌పేస్టు ప్రకటన తప్ప మరో పని లేని మనిషికి అది మళ్లీ పుట్టడమే. కానీ రంజాన్ సీరియల్ సంగతి తెలిసిందే. రాసిన కాగితం ఆ పూటే వేడివేడిగా వస్తుంది. బట్టీ పట్టే తీరిక ఉండదు. కెమెరా పక్కనుంచి ఒకడు డైలాగు గొణుగుతుంటే అందుకుని చెప్పెయ్యాలి. చెవులు లేనివాడు అక్కడ ఎందుకూ పనికిరాడు.

నిర్మాత మమ్దూహ్ తేల్చి చెప్పేశాడు. రేడియోలో ‘నా బతుకు పాటలు’ అని ఒక కార్యక్రమం ఉంది. నటులు వచ్చి ఇష్టమైన పాటలు ఎంచుకుని, వాటి మీదుగా తమ జీవితం చెప్పుకుంటారు. ఫిక్రీ అందులో కూర్చోవాలి. మమ్దూహ్ స్టూడియో అద్దం అవతల నుంచి చూస్తాడు. వేషం మాట ఆ తర్వాతే.

టాక్సీలో భార్య సుహైర్ గోళ్లు కొరుక్కుంది. రేడియో తనకు కొత్తేమీ కాదని ఫిక్రీ ధైర్యం చెప్పాడు.

“ఎర్రదీపం వెలిగితే మాట్లాడాలి. ఆరితే పాట వినాలి. నిన్ను చేసుకోకముందు నుంచీ ఇంతే. ఇందులో పెద్ద విద్యేముంది?”

“ఒళ్లు దగ్గర పెట్టుకో ముసలాడా,” అంది సుహైర్.

స్టూడియోలో హెడ్‌ఫోన్లు ఇచ్చారు. విగ్గు జరిగిపోతుందని పక్కన పెట్టేశాడు. కార్యక్రమం నడిపే దాలియా ముఖానికి మైకు అడ్డొచ్చింది. ఇంత అందమైన పెదవులను ఇనుప ముక్క వెనక దాచడం పాపమని, దాన్ని తన చేత్తోనే పక్కకు తిప్పాడు. దాలియా సిగ్గుపడింది. అద్దం అవతల సుహైర్ పైకప్పు వంక చూసింది.

మొదటి పాట, అతను తొలిసారి తెరకెక్కిన సినిమాలోది. నర్తకి ఆడుతుంటే వెనక పళ్లెం పట్టుకున్న సర్వరు వేషం. ఆమె నడుము చూస్తూ పళ్లెం వదిలేశాడు. జనం పడీపడీ నవ్వారు. అలా హాస్యనటుడయ్యాడు. ఈ ముక్క చెప్పి అద్దం అవతలి సౌండ్ ఇంజనీరును కూడా నవ్వించాడు.

ఎర్రదీపం ఆరింది.

మా కైరోలో పాటను నోరు మూసుకుని వినేవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. గమకం బాగుంటే ‘అల్లాహ్’ అనాలి. మరీ బాగుంటే కుర్చీలోంచి సగం లేవాలి. ఫిక్రీ కళ్లు మూసుకున్నాడు. వేళ్లతో బల్ల మీద తాళం వేశాడు. ఒక చోట ‘అల్లాహ్’ అని సగం లేచాడు. అద్దం అవతల ఇంజనీరు తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

చరణం పూర్తయ్యేంతసేపు ఊగి, కళ్లు తెరిచాడు. కాసేపటికి దీపం వెలిగింది.

రెండో పాట ప్రేమగీతం. అది పాడింది మరొకడు, పెదవులు కదిపింది ఫిక్రీ. ఉత్తరాలు మాత్రం అతనికే వచ్చాయి. రాసిన వాళ్లలో కొందరిని కలిశానని, ఆ పాడినవాడి తరఫున కూడా తానే కష్టపడ్డానని చెప్పాడు.

దీపం ఆరింది. ఫిక్రీ లేని ప్రియురాలి కోసం చేతులు చాచాడు. సుహైర్ ముఖం పాలిపోయింది. పాత వలపుల ఊసెత్తితే ఏ పెళ్లాం ముఖమైనా వెలిగిపోతుందా? ఆమె అద్దం దగ్గరికొచ్చి చెయ్యి ఊపింది. అతను కళ్లు మూసుకునే ఉన్నాడు. మమ్దూహ్ ఆమెను మెల్లగా కూర్చోబెట్టాడు.

చివరిది సినిమా పాట కాదు. సొంతూరు దమన్హూర్‌లో బట్టలు ఉతుకుతూ అమ్మ పాడుకున్న పాట. అది చెప్పేటప్పుడు ఫిక్రీ ఎవరినీ నవ్వించలేదు. తాను నటుడవుతానంటే నాన్న చెప్పు తీశాడని, అమ్మ మాత్రం పాట ఆపకుండానే తడిచేత్తో బస్సు డబ్బులు కొంగులోంచి తీసిచ్చిందని చెప్పాడు.

దీపం ఆరింది. ఈసారి తాళం లేదు, ‘అల్లాహ్’ లేదు. పెదవులు కొద్దిగా కదిలాయి. కన్నీళ్లు మేకప్పును రెండు చారలుగా కోసుకుంటూ దిగాయి. దాలియా చున్నీతో కళ్లొత్తుకుంది. ఇంజనీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కదిలితే ఏమవుతుందోనని అందరూ అలాగే ఉండిపోయారు.

అయ్యాక ఫిక్రీ పెళ్లికొడుకులా బయటికొచ్చాడు. సుహైర్ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎదురుగా మమ్దూహ్ నిలబడి ఉన్నాడు, ముక్కు ఎర్రగా ఉంది.

“ఇప్పుడేమంటారు మమ్దూహ్ గారూ, నా చెవుల గురించి?” అని ఫిక్రీ ఛాతీ విరిచాడు.

మమ్దూహ్ అతని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకున్నాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేసి, ముఖం వెలుతురులోకి తిప్పి, ఒక్కో మాటా విడివిడిగా పలికాడు.

“వేషం మీదే ఉస్తాద్, పాటలన్నీ రేపు ఎడిటింగులో కలుపుతారట, ఇవాళ వాళ్లు ఒక్కటీ వెయ్యలేదు, అయినా మీరు మా అందర్నీ ఏడిపించారు.”